తోసుడు బండి, గుంజుడు బండి

మా పెద్దబాపు ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లకంటే ముందు వాళ్ల కారు డిక్కీ తెరిపించేవాడు. పెళ్లి కానీ, పురుడు కానీ, చావు కానీ, ఆయనకు ఒకటే. వాకిట్లో కారు కనిపిస్తే చాలు, దాని చుట్టూ ఒకసారి తిరిగి ఆ కారు గలవాళ్లను అడిగేవాడు.

"ఇది తోసుడుదా, గుంజుడుదా?"

అడిగించుకున్నవాళ్లు బిత్తరపోయి నా మొహం చూసేవాళ్లు. నేను విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఇంజను బలం వెనక చక్రాలకు వెళ్తే అవి బండిని వెనకనుంచి నెడతాయి, అది తోసుడు బండి. ముందు చక్రాలకు వెళ్తే అవి బండిని లాక్కుపోతాయి, అది గుంజుడు బండి. ఇప్పుడొచ్చే చిన్న కార్లు దాదాపు అన్నీ గుంజుడువే. గుంజుడుదని తేలిందా, ఇక డిక్కీలో ఏమున్నా దించాల్సిందే. బియ్యం సంచి, నీళ్ల క్యాను, కొబ్బరికాయల బస్తా, పెళ్లికూతురి సూట్‌కేసు, అన్నీ దించి ముందు సీటులోనూ కాళ్ల దగ్గరా సర్దేవాడు. ఒకసారి నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందు పెళ్లికొడుకు మేనమామ దర్జాగా ముందు సీటులో కూర్చోబోతే అక్కడ లడ్డూల బుట్టలు కూర్చుని ఉన్నాయి. ఆయన అలిగాడు. పెద్దబాపు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ, "అలిగినా మంచిగనే ఉన్నవ్ బావా, జర ఎనక కూసో," అన్నాడు.

మా చుట్టాల్లో సగం మంది ఆయనకు కాస్త తిక్క అనుకున్నారు. తిక్క కాదు. తన చేత్తో డిక్కీలో పెట్టిన ఒక ఇసుక సంచి వల్లే తన ఒక్కగానొక్క బిడ్డ చచ్చిపోయిందని ఆయన నమ్మాడు. ఏళ్లకేళ్లు అదే నమ్మకంతో బతికి, పోయిన నెల అదే నమ్మకంతో వెళ్లిపోయాడు. ఆయన గురించి రాయాలంటే ఆ సంచి గురించే రాయాలి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. బోధన్ పక్కన పల్లెలో చెరుకు వేసేవాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు, ఎవరో వాడి వదిలేసిన తెల్ల అంబాసిడర్ తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతబడింది, చెరుకు పోయి వరి వచ్చింది, బండి మాత్రం ఉంది. దానికి ఆయన చేసినంత సేవ పెద్దమ్మకు చేసి ఉంటే ఆమె ఇంకో తీరుగా ఉండేదని మా అమ్మ అనేది.

ఆయన బండి నడుపుతుంటే చూడాలి. తిన్నటి రోడ్డు మీద ఆయనకు ఆసక్తి ఉండదు. ఎవరు దాటిపోయినా పట్టించుకోడు, పాటలు పాడతాడు, చెరుకు చూస్తూ నడుపుతాడు. మలుపు వస్తోందంటే మాత్రం పాట ఆగిపోతుంది. వీపు సీటుకు ఆనించి, మలుపు ఇంకా దూరంలో ఉండగానే వేగం తగ్గించి, పడుకున్న పిల్లను జోకొట్టినట్టు బండితో మాట్లాడతాడు. "ఆగు, ఆగు, ఆగు..." సగం మలుపు తిరిగాక, ముందున్న రోడ్డు మొత్తం కనిపించాక, "ఇగ పో," అంటాడు. అప్పుడు తొక్కుతాడు. బండి వెనకనుంచి ఎవరో భుజం తట్టినట్టు ముందుకు పోతుంది.

మా అక్కకూ నాకూ ఆయనే డ్రైవింగు నేర్పాడు. అక్క అంటే ఆయన కూతురు. నాకంటే కొంచెం పెద్దది, నాకంటే చాలా తెలివైనది. చెరుకు కొట్టేసిన ఖాళీ మడిలో నీళ్లు పారించి, జారుడు చేసి, అందులో మాతో అంబాసిడర్ నడిపించేవాడు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి తిట్టేది. ఆ బురదలో స్టీరింగు తిప్పి కాస్త గట్టిగా తొక్కామా, బండి తోక పక్కకు జారిపోయేది. నాకు గుండె నోట్లోకి వచ్చి బ్రేకు తొక్కేదాన్ని. బండి బొంగరంలా తిరిగేది.

"బ్రేకు జోలికి ఎందుకు పోతవే? టర్నింగుల పడ్డంక బ్రేకు యాదికొస్తదా, ముందుగాల యాడికి పోయినవ్?" అనేవాడు. "తోక ఎటు పోతే స్టీరింగు గటే తిప్పు. బాజారుల తోపుడు బండి సూడలేదా? తోసెటోడు ఆగమాగం తోస్తే ఎనకది పక్కకు పోతది. నిమ్మలంగ తోస్తే ఏడికన్న పోతది."

అక్క రెండో రోజుకే నేర్చుకుంది. తోక జారుతుంటే నవ్వుతూ సరిదిద్దేది. నేను ఇప్పటికీ మలుపు ముందు చెమటలు కక్కుతాను.

ఇసుక సంచి సంగతి అక్కడినుంచే వస్తుంది. తోసుడు బండికి బలమంతా వెనక చక్రాల్లో ఉంటుంది కదా. ఖాళీ బండిలో వెనక తేలిగ్గా ఉంటుంది, వానాకాలం బురదలో చక్రాలు పట్టు దొరక్క ఊరికే తిరుగుతాయి. అందుకని తొలి వాన పడగానే పెద్దబాపు యూరియా సంచిలో సగానికి మంజీర ఇసుక నింపి డిక్కీలో పెట్టేవాడు. సంచి మూతిని పెద్దమ్మ పాత చీర అంచు చింపి కట్టేవాడు, చెయ్యి పట్టడానికి పైన ఒక ఉచ్చు వదిలి. ఎడ్లను కట్టేసే ముడి అది, ఆయనకు తప్ప మా ఇంట్లో ఎవరికీ రాదు. మా వైపు పాత జీపులూ అంబాసిడర్లూ నడిపినవాళ్లలో ఇది చాలామందికి ఉన్న అలవాటే. దసరా వెళ్లాక సంచి దిగేది.

అక్కకు రుద్రూర్‌లో, చెరుకు రకాల మీద పరిశోధన చేసే చోట, ఉద్యోగం వచ్చింది. రోజూ ఇంటినుంచి వెళ్లి రావడానికి ఇటుక రంగు చిన్న కారు కొనుక్కుంది. గుంజుడు బండి. వానలు మొదలయ్యాక ఒక పొద్దున పెద్దబాపు ఇసుక సంచి మోసుకొచ్చి ఆ కారు డిక్కీలో పెట్టాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"బాపూ, దీనికి అక్కర లేదు," అంది అక్క. "నీ బండిల ముందు చక్రాలు టర్నింగుకు తిరుగుతయి, ఎనక చక్రాలు తోస్తయి. ఎవరి పని వాళ్లది. దీనికి రెండు పనులు ముందు చక్రాలకే. గుంజాలె, తిరగాలె. టర్నింగుల రెండూ ఎక్కువెక్కువ చెప్తే అవి తిరగయి, సీదా పోతయి. తోక జారదు దీనికి, ముక్కు జారుతది. బరువు ముందట ఉండాలె గాని ఎనక ఎందుకు?"

"ముక్కు జారితే ఏం చేస్తవ్?"

"కాలు తీస్త. స్టీరింగు ఇంకింత తిప్పనే తిప్ప. చక్రం మళ్ల నేలను పట్టేదాక ఆగుత."

పెద్దబాపు విన్నాడు. ఆయన మొహంలో సంతోషమే కనిపించింది, కూతురు తన భాషలో మాట్లాడుతున్నందుకు. కానీ సంచి తియ్యలేదు. "అన్నీ మంచిగనే చెప్పినవ్ బిడ్డా. కని బరువుంటే బండి నేల మీద ఉంటది. నా తృప్తికి ఉండనియ్యి," అన్నాడు.

అక్క ఒక క్షణం ఆయన్నే చూసి, "సరే, ఉండనియ్యి," అంది. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు అక్క. పప్పులో ఉప్పు గురించి కూడా గంట వాదించేది. అయినా మాకెవరికీ ఏమీ తోచలేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక సాయంకాలపు తంతు మొదలైంది. అక్క వచ్చి కారు ఆపగానే పెద్దబాపు డిక్కీ తెరిచి, సంచిని రెండు సార్లు తట్టి, ఇంట్లోకి వినపడేలా "ఉన్నది," అనేవాడు. వంటింట్లోంచి పెద్దమ్మ, "ఏడికి పోతది, దానికేమన్న కాళ్లున్నయా," అనేది. అక్క నవ్వుతూ లోపలికి పోయేది.

నాట్ల రోజుల్లో మా రోడ్లు రోడ్లలా ఉండవు. పొలాల్లో దున్నిన ట్రాక్టర్లు బురద దున్నే ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కి మడిలో మట్టినంతా పరిచిపోతాయి. రుద్రూర్ రోడ్డులో కాలువ పక్కన ఒక మలుపు ఉంది. ఆ పొద్దున ముసురు పట్టి ఉంది. అక్క కారు ఆ మలుపులో తిరగలేదు. తిన్నగా వెళ్లి కాలువలో పడింది. నాట్ల కాలువ, నిండుగా పారుతోంది. ఎవరో చూసి, దూకి, అద్దాలు పగలగొట్టి తీసేసరికి అంతా అయిపోయింది. ఇంతకంటే నేను రాయలేను.

అక్కను బోధన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పెద్దబాపు మాత్రం కాలువ కట్ట మీదనుంచి కదల్లేదు. నేను నిజామాబాద్ నుంచి వచ్చేసరికి క్రేనుతో కారును పైకి లాగుతున్నారు. ముక్కు కిందికి, తోక పైకి, నీళ్లు కారుతూ వచ్చింది. డిక్కీ తలుపు ఊడి వేలాడుతోంది. లోపల ఏమీ లేదు. పెద్దబాపు దగ్గరికి వెళ్లి ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూశాడు.

క్రేను నడిపే మనిషి అడిగాడు. "డిక్కీల బరువేమన్న ఉండెనా పెద్దమనిషీ?"

"ఇసుక సంచి ఉండె. కొట్టుకపోయింది."

"గుంజే బండికి ఎనక బరువెందుకేసిన్రు? ముందట తేలిపోతది. గీ బురదల చక్రం ఇగ నేలనేం పడతది?"

ఆ మనిషి తప్పేమీ లేదు. రోజూ బండ్లు తీసేవాడు, బండి గురించి మాట్లాడాడు. పెద్దబాపు తలగుడ్డ తీసి, పిండి, మళ్లీ కట్టుకున్నాడు. ఆ మాట ఆయన లోపలికి పోవడం నేను నా కళ్లతో చూశాను.

ఆ తర్వాత ఆయన రుద్రూర్ రోడ్డు తొక్కలేదు. అటు చుట్టాలింట్లో పెళ్లయినా వర్ని వైపునుంచి చుట్టూ తిరిగి పోయేవాడు, మమ్మల్నీ పోనిచ్చేవాడు కాదు. అంబాసిడర్ నడపడం మానేశాడు. పశువుల కొట్టం పక్కన రేకుల కింద పెట్టి, అప్పుడప్పుడు స్టార్టు చేసి, ఇంజను మాట కొంచెంసేపు విని ఆపేసేవాడు. ఇక ఊళ్లో ఎవరి కారు కనపడ్డా ఆ తోసుడుదా గుంజుడుదా, ఆ డిక్కీ ఖాళీ చేయడం. ఒకప్పుడు ఆ ప్రశ్న పందెం వేసేవాడిలా అడిగేవాడు. ఇప్పుడు జ్వరం వచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టు అడిగేవాడు.

నేను కారు కొన్న వారంలోనే బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. టీ కూడా తాగకుండా డిక్కీ తెరిచాడు. నా బడి పుస్తకాలు దించాడు, గొడుగు దించాడు. తర్వాత కింద చాప లేపి స్టెప్నీ విప్పడం మొదలుపెట్టాడు.

"స్టెప్నీ కూడా తీస్తవా పెద్దబాపూ?" నాకు నవ్వొచ్చింది.

"ముందు సీట్ల పెట్టుకో బిడ్డా. ఏం పోతది?"

ఆయన నా వైపు చూడకుండా బోల్టు తిప్పుతూనే ఉన్నాడు. చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఎన్నాళ్లనుంచో దాచుకున్నది అనేశాను. "ఒక్క సంచికి బండి కాలువల పడదు పెద్దబాపూ. గంత బురదుండె, ముసురుండె. అడ్డమేమన్న వచ్చిందో ఏమో. ఎవరికెరుక?"

"నువ్వు సూసినవా?"

"లేదు."

"నేను సూడలే. ఎవ్వలు సూడలే. నేను పెట్టిన, గదొక్కటే నాకెర్క." మళ్లీ తనే అన్నాడు. "బిడ్డ ముందుగాలనే చెప్పింది. మంచిగ, సమజయ్యేటట్టు చెప్పింది. నేనే ఇనలే."

నేను టీచర్ని, నోరు పెట్టుకు బతికేదాన్ని. ఆ రోజు మాత్రం లేచి స్టెప్నీ దించడానికి ఆయనకు ఒక చెయ్యి పట్టాను. వెళ్తూ వెళ్తూ స్టెప్నీ ముందు సీటులో పెట్టే వెళ్లాడు. చాలా రోజులు దాన్ని తీయలేకపోయాను.

పోయిన నెల ఆయనకు గుండెలో నొప్పి వచ్చిందని ఫోనొస్తే, నేనే వెళ్లి నా కారులో నిజామాబాద్ తీసుకొచ్చాను. వెనక సీటులో పెద్దమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. ప్రతి మలుపు ముందూ నేను వేగం తగ్గిస్తుంటే, వెనకనుంచి సన్నగా, "ఆగు, ఆగు..." వినపడేది. నిజామాబాద్ దగ్గరపడ్డాక అడిగాడు.

"డిక్కీల ఏం లేదు గద బిడ్డా?"

"ఏం లేదు పెద్దబాపూ."

"మంచిది."

ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు.

దినం పెట్టుకునే ముందు రుద్రూర్‌లో ఉన్న చుట్టాలకు చెప్పి రావాల్సి వచ్చింది. వద్దని ఆపే మనిషి లేడు కాబట్టి ఆ రోడ్డునే వెళ్లాను. వాన మొదలైంది. మలుపు ఇంకా కొంచెం దూరం ఉందనగా, చౌరస్తా దగ్గర రేకుల టీ కొట్టు కనిపిస్తే ఆపాను. ఆగి చేసిన మొదటి పని డిక్కీ తెరవడం. దినానికి కొన్న బియ్యం, నూనె డబ్బా అందులో ఉన్నాయి. ఒక్కొక్కటే ముందు సీటులోకి మార్చాను. ఆయన పోయినా నా చేతులకు ఆ అలవాటు పోలేదు.

టీ కొట్టు ఆమె సరిహద్దు అవతలి మనిషి, తెలుగులో మరాఠీ కలుస్తుంది, అక్కా అనడానికి తాయీ అంటుంది. గ్లాసు అందిస్తూ నన్నే చూస్తోంది.

"నువ్వు గూడ గిట్ల బరువు దించుతవా తాయీ? ఇంతకుముందు గిట్ల దించెటామె ఒకామె ఉండె."

"ఎవరు?"

"రుద్రూర్‌ల నౌకరీ చేసేది. ఇటుక రంగు కారు. పొద్దుగాల ఈడ ఆపి డిక్కీలకెళ్లి ఇసుక సంచి దించేది. నేనొక కొస పట్టెదాన్ని, ఆమె ఒక కొస. సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు మళ్ల ఏసుకపోయేది. రోజు ఎందుకు తాయీ గీ మోత అంటే, మా బాపు తృప్తి అని నవ్వేది. సంచి లేకుంటే బాపు మనసు చిన్నగయితదట."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఆఖరి రోజు?" అని అడిగాను.

"ఆ రోజు గూడ దించింది. చాయ్ తాగింది. పోయింది." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎవరన్న వస్తరేమో అని ఉంచిన. చావు అయినింటికి పోయి ఇసుక సంచి ముచ్చట ఏం చెప్త తాయీ? పారేద్దామంటే చెయ్యి రాలే."

లోపలికి తీసుకెళ్లి బల్ల కింద చూపించింది. తడవకుండా రెండు ఇటుకల మీద పెట్టి ఉంది. యూరియా సంచి, మూతికి ఆకుపచ్చ చీర అంచు, పైన చెయ్యి పట్టడానికి ఉచ్చు. ఎడ్లను కట్టేసే ముడి. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. అక్క కోసం ఎప్పుడో ఏడ్చాను, ఆయన కోసం మొన్ననే ఏడ్చాను. ఇది ఆ రెండూ కాదు. ఆయన మనసు చిన్నబోకూడదని అక్క రోజూ ఆ బరువు దించి ఎక్కించింది. ఆమె చెప్పకపోవడం వల్లే ఆయన దాన్ని చచ్చేదాకా మోశాడు. ఇద్దరిలో ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఇంత దగ్గర, ఇంటినుంచి ఒక టీ తాగేంత దూరంలో ఉంది ఆ మాట. ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ రోడ్డున వచ్చి ఉంటే.

ఇద్దరం చెరో కొస పట్టి సంచిని మోసుకొచ్చాం. బియ్యం వెనక సీటుకు మార్చి దాన్ని ముందు సీటులో పెట్టాను. కారు కదలగానే బెల్టు పెట్టుకోమని గంట మోగడం మొదలైంది. ఆ బరువును మనిషి అనుకుంది కారు. ఆపి, సంచికి బెల్టు పెట్టాను.

వెళ్లేటప్పుడు ఆ మలుపు సులువుగానే దాటాను. రుద్రూర్ చుట్టాలకు చెప్పి తిరిగొస్తున్నప్పుడు అది మళ్లీ వచ్చింది. రోడ్డంతా ఎర్ర బురద. చాలా ముందునుంచే వేగం తగ్గించాను, ఆగు, ఆగు అనుకుంటూ. అయినా సగం మలుపులో ముందు చక్రాలు నా మాట వినలేదు. స్టీరింగు తిరిగింది, కారు తిరగలేదు. ముక్కు కాలువ వైపే పోతోంది. కాలు తీశాను. స్టీరింగు ఇంకింత తిప్పబోయిన చేతిని ఆపుకున్నాను. ఆగాను. చక్రాలు నేలను పట్టాయి. నేను నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి పట్టాయేమో, బురద కొంచెం పలచగా ఉంది కాబట్టి పట్టాయేమో. అక్కకు ఇదంతా నాకంటే బాగా తెలుసు. ఆ రోజు ఆమె డిక్కీ కూడా ఖాళీగానే ఉంది. అయినా చక్రాలు పట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ వసారాలో బియ్యం ఏరుతోంది. కారు తలుపు తెరిచి సంచి చూపించాను. తన చీర అంచు తను గుర్తుపట్టింది. జరిగింది చెప్పాను. చాటలో చెయ్యి అలాగే పెట్టుకుని మొత్తం వింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"అప్పుడు సంచి బండిల లేకుండె," అంది.

"లేకుండె పెద్దమ్మా."

"ఆయన పెట్టింది ఏం చెయ్యలే."

"ఏం చెయ్యలే."

సంచిని ఎక్కడ పెట్టమంటావని అడిగాను. లోపల ఆయన ఫోటో దగ్గర పెట్టమంటుందేమో అనుకున్నాను. పెద్దమ్మ లేచి రేకుల కింద ఉన్న అంబాసిడర్ వైపు నడిచింది. "అది తోసుడు బండి సంచి. దాంట్లనే పెట్టు," అంది. ముడి విప్పనివ్వలేదు.

ఇద్దరం కలిసి సంచిని డిక్కీలోకి ఎత్తాం. ముసలి బండి వెనక కొంచెం కిందికి దిగింది. పెద్దమ్మ సంచిని రెండు సార్లు తట్టింది. తలుపు వెయ్యకుండానే ఇంటి వైపు తిరిగి, గట్టిగా, లోపలికి వినపడేలా "ఉన్నది," అంది.

లోపల ఎవరూ లేరు.